బస్కీలు మానేసిన పైల్వాన్

తుర్కయంజాల్ నుంచి ఎల్బీ నగర్ దాకా సాగర్ రోడ్డు పొడవునా జిమ్ బోర్డులే. కండలు తిరిగిన ఆ బొమ్మలను చూసినప్పుడల్లా నాకో సందేహం వస్తుంది. ఈ మనిషికి నాలుగు వారాలు టైఫాయిడ్ పట్టుకుంటే ఏం మిగులుతుంది?

జ్వరంలో ఒంటికి ఖర్చు ఎక్కువ, నోటికి తిండి సయించదు. ఆ లోటును ఒళ్లు కండ కరిగించి పూడ్చుకుంటుంది. మంచం పట్టినవాడికి ముందు తగ్గేవి తొడలు, రోజంతా మనిషిని మోసేవి అవే గనక. అయితే మొదటి వారంలో దిగిన కిలోలన్నీ కండే అనుకోనక్కర్లేదు. కండలో దాచిన పిండిపదార్థం గ్రాముకు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. అది అయిపోగానే ఆ నీరూ పోతుంది. పోయిన కండ కూడా, మొదట కట్టినంత కాలం పట్టకుండానే తిరిగొస్తుంది. కానీ తొందరపడకూడదు. జ్వరం నుంచి లేచినవాణ్ని తెలిసిన ఉస్తాద్ వెంటనే కుస్తీకి దించడు. ముందు నడక, తర్వాత పదో పదిహేనో బస్కీలు.

తాలింఖానా (వ్యాయామశాల) విద్యకు పునాది ఈ బస్కీయే. కిందికి దిగేటప్పుడు మడమలు లేస్తాయి, వేళ్లు నేలను తాకుతాయి, ఆ ఊపులోనే చేతులు ముందుకొచ్చి మనిషి లేస్తాడు. దండీ తీసేటప్పుడు ఛాతీ నేలను రాసుకుంటూ ముందుకు పోయి, పాము పడగెత్తినట్టు తల పైకి లేవాలి. ఇనుము అక్కర్లేదు, ఒంటి బరువే బరువు. లెక్క వందల్లో నడుస్తుంది కాబట్టి కండతో పాటు దమ్ము పెరుగుతుంది. పైల్వాన్‌కు కొంచెం పొట్ట ఉన్నా పట్టులో ఆయాసపడడు. గోదాలో మట్టిని పారతో తిరగేయడమే సగం కసరత్తు.

ఇక తిండి. రాత్రి నానబెట్టిన బాదం పొట్టు తీసి, రాతి మీద మెత్తగా నూరి, పాలలో కలిపి తాగడం పాత పద్ధతి. యాభై బాదంపప్పుల్లో మాంసకృత్తులు పన్నెండు గ్రాములకు అటూఇటూ ఉంటాయి, కొవ్వు అంతకు రెట్టింపు పైనే. గేదెపాలూ అంతే, మాంసకృత్తుల కంటే వెన్నే ఎక్కువ. అంటే ఇది కండ కట్టే తిండి మాత్రమే కాదు, వందల బస్కీలకు పొయ్యిలో కట్టె. బస్కీలు మానేసి, కిరాణా కొట్టు గల్లా దగ్గర కూర్చున్నాక కూడా గ్లాసు మానని పైల్వాన్లుంటారు. వాళ్ల పొట్ట కథ చెప్పాలా? షుగరూ బీపీ చెప్పి రావు. మోకాళ్లు మాత్రం ముందే చెబుతాయి.

సన్నబడితే చాలనుకోవడమూ పొరపాటే. 1980 అక్టోబరులో బాక్సింగ్ పోటీలో లారీ హోమ్స్‌తో తలపడిన మహమ్మద్ అలీ నాజూకుగా, కుర్రవాడిలా కనిపించాడు. థైరాయిడ్ మాత్రలతో బరువు దించుకున్నాడు. బరిలోకి దిగాక కాళ్లలో చేవ లేదు. పది రౌండ్లు దెబ్బలు తిన్నాక ఆట ఆపేశారు. అద్దం ముందు గెలిచిన ఒళ్లు అది.

మన వీరఘట్టం మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు శాకాహారి. ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకున్నాడన్నా, కార్లను గొలుసులతో పట్టి ఆపాడన్నా, జనం కండను మెచ్చుకున్నారు. నేనైతే ఊపిరిని మెచ్చుకుంటాను. గుండెల నిండా గాలి పీల్చి గొంతు బిగబడితే మొండెమంతా గట్టిపడుతుంది. బరువెత్తే ఎవరైనా తెలియకుండానే చేసే పని ఇది. ఆయన ప్రాణాయామంతో దాన్ని విద్యగా చేసుకున్నాడు.

అంతటి మనిషి కాలికి పుండు లేచింది. పాలూ నెయ్యీ, వేల బస్కీలూ దాన్ని ఆపలేకపోయాయి. కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని, ఊపిరి బిగబట్టుకుని కోయించుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అరవై నిండకుండానే, 1942 జనవరిలో పోయాడు.