గొంతు చేరితే చాలు

బెంగళూరు దగ్గర ఆనేకల్, చందాపుర, జిగణి వైపు కాలేజీల్లో మన అనంతపురం, చిత్తూరు పిల్లలు కనిపిస్తూనే ఉంటారు. పగలు క్లాసులు, సాయంత్రం బస్సు, రాత్రి గదిలో లాప్‌టాప్. ఒళ్లు కదిలే వేళే లేదు. అందుకే కాలేజీలు ఆన్‌లైన్‌లో వ్యాయామం నేర్పిస్తామంటే నాకు సంతోషం. కానీ వీడియో పంపి ఊరుకుంటే పిల్లలు చూస్తారు, చెయ్యరు.

దూరం నుంచి నేర్పడంలోని మెలకువ నాకు ఆవర్తన ధ్యానంతో తెలిసింది. దీన్ని రూపొందించింది జిగణి దగ్గర ప్రశాంతి కుటీరంలో ఉన్న ఎస్-వ్యాస అనే యోగా సంస్థ. నాసాలో పనిచేసి వచ్చిన డాక్టర్ హెచ్.ఆర్. నాగేంద్ర పెంచిన ఈ సంస్థకు 2002లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. దూరవిద్యలోనూ యోగా శిక్షకులను తయారుచేసింది.

ఆవర్తన ధ్యానం శవాసనంతో మొదలవుతుంది. లేచి నిలబడి అర్ధకటి చక్రాసనం, పాదహస్తాసనం, కూర్చుని శశాంకాసనం, ఉష్ట్రాసనం, మళ్లీ శవాసనం. ఆసనానికీ ఆసనానికీ మధ్య విశ్రాంతి. అంతా కళ్లు మూసుకునే. దారి చూపేది గురువు గొంతే. ఆ గొంతుకు దూరం అడ్డు కాదు. వీడియో అక్కర్లేదు, చాప పరిచేంత చోటుంటే చాలు.

సూర్యనమస్కారాలకు మాత్రం గురువు చూపు కావాలి. ఫోను ఎదురుగా పెడితే ముఖమే కనబడుతుంది. పక్కగా, నేలకు దగ్గరగా పెడితే నడుము జారడం, భుజాలు చెవుల దాకా లేవడం తెలుస్తాయి.

ఆసనాలతోనే సరిపెట్టుకోకూడదు. 18 ఏళ్లు దాటినవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2022 లెక్కల్లో మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది, ఆడవాళ్లలో 57 శాతం, ఆ మేరకు కదలడం లేదు. చీకటి పడ్డాక వీధిలో నడవలేని ఆడపిల్లకు గదిలోకే వచ్చే క్లాసు ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది. నడవగలిగినవాళ్లు వడిగా నడవాలి. దానికీ అందరూ ఒకచోట చేరక్కర్లేదు: 2020లో కోవిడ్ వేళ ఫిట్ ఇండియా ఫ్రీడమ్ రన్ అనే దేశవ్యాప్త కార్యక్రమంలో ఎవరి చోట వాళ్లు, వీలున్నప్పుడు పరుగెత్తారు.

కాలేజీలకు నా విన్నపం ఇది. టైమ్‌టేబుల్‌లో రోజూ అరగంట ఈ ఆన్‌లైన్ వ్యాయామానికి కేటాయించండి. రాని విద్యార్థికి వ్యాయామ ఉపాధ్యాయుడు స్వయంగా ఫోన్ చేసి, "ఏం నాయనా, ఈరోజు రాలేదే?" అని అడగాలి. ఆ పలకరింపు లేని కార్యక్రమం ఏదీ నిలవదు.