మాట తొలగిన మీట: ఫైల్ మేనేజర్ టూల్‌బారు మార్పులు, వాడుకరుల అభిప్రాయాలు - ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

కంప్యూటరులోని ఫైళ్లను చూపి, వాటిని కదిలించడానికీ, నకలు తీయడానికీ, తొలగించడానికీ తోడ్పడే సాధనం ఫైల్ మేనేజర్. దాని పైభాగంలోని టూల్‌బారు గత పుష్కరకాలంలో పలుమార్లు రూపం మార్చుకుంది. మారిన ప్రతిసారీ వాడుకరులు అభ్యంతరాలు చెప్పారు. వాటిని అలవాటు తప్పినవారి విసుగుగా భావించడం పరిపాటి. వాటిలో అర్థగ్రహణానికి సంబంధించిన న్యాయమైన విమర్శ ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బొమ్మ అర్థమిచ్చే తీరును లక్షణావృత్తితోనూ, మాట నేర్చుకునే తీరును శక్తిగ్రహంతోనూ అన్వయిస్తుంది. తెలుగు అనువాద పదాల బాధ్యతను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: ఫైల్ మేనేజర్, టూల్‌బారు, లక్షణ, శక్తిగ్రహం, స్థానికీకరణ, వాడుకరి, అనువాదం.

1. ఉపోద్ఘాతం:

నేటి తెలుగు పరిశోధకులు రోజూ చూసే పాఠాలలో అతి చిన్నది టూల్‌బారు. అందులో ఉండేవి పదో పన్నెండో ఆజ్ఞలు. పద్యానికీ, కథకూ, సామెతకూ విమర్శ ఉంది కానీ ఈ ఆజ్ఞల పాఠాన్ని సాహిత్య విద్యార్థులు పట్టించుకున్నది తక్కువ. అయితే సిద్ధాంత గ్రంథంలోని మూడో అధ్యాయం ఏ ఫోల్డరులో ఉందో, పాత ప్రతి మీద కొత్త ప్రతి పడిందో లేదో, పెన్‌డ్రైవులోకి వెళ్లినది నకలో అసలో తేలేది ఇక్కడే. అర్థం తప్పితే నష్టం జరిగే పాఠం విమర్శకు అర్హమైనదే.

తీరప్రాంతంలోని వాకాడు వంటి చోట పాఠం చెప్పేవారికి ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నాకు తెలిసిన విద్యార్థుల్లో చాలామంది మొదట ఫోనును, ఆ తర్వాతే కంప్యూటరును తాకినవారు. ఫోనులో ఫొటో ఫొటోల చోట, పాట పాటల చోట ఉంటుంది. ఏ ఫైలు ఏ ఫోల్డరులో ఉందో తెలుసుకోవలసిన అవసరం అంతగా రాదు. ఆ అవసరం తొలిసారి వచ్చేది డిగ్రీలోనో పీజీలోనో, ప్రాజెక్టు నివేదిక రాసేటప్పుడు. అందువల్ల టూల్‌బారు వీరికి పాత అలవాటు కాదు, కొత్తగా నేర్వవలసిన లిపి.

2. టూల్‌బారు మార్పుల క్రమం:

1981లో వెలువడిన జెరాక్స్ స్టార్ కంప్యూటరు తెరమీద ఫోల్డరు బొమ్మలను చూపింది. కానీ తరలించడం, నకలు తీయడం, తొలగించడం వంటి పనులకు దాని కీబోర్డు మీద మాటలు రాసిన ప్రత్యేక మీటలు ఉండేవి. అంటే వస్తువుకు బొమ్మ, క్రియకు మాట. నామానికీ క్రియకూ ఉన్న తేడాను అక్కడ పాటించారు.

1995లో వచ్చిన విండోస్ 95 ఎక్స్‌ప్లోరరు టూల్‌బారులో మాటలు లేని బొమ్మలే ఉండేవి. కనుక బొమ్మల టూల్‌బారు కొత్త సంగతి కాదు. అయితే దాని పైన ఫైల్, ఎడిట్, వ్యూ అనే మాటల మెనూ ఉండేది. బొమ్మ తెలియనివారు మాట దగ్గరికి పోయేవారు. 2012లో విండోస్ 8 రిబ్బను పద్ధతిని తెచ్చింది. అందులో మీటలు పెద్దవయ్యాయి, వాటితో పాటు మాటలూ వచ్చాయి. 2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11 ఆ రిబ్బనును తొలగించి సన్నని పట్టీని పెట్టింది. కొత్తది, క్రమం, వీక్షణ అనే అర్థాలిచ్చే మీటలకు మాటలు మిగిలాయి. కట్, కాపీ, పేస్ట్, రీనేమ్, షేర్, డిలీట్ అనే ఆరు ఆజ్ఞలు మాత్రం కేవలం బొమ్మలయ్యాయి. కుడి క్లిక్కు చేస్తే వచ్చే పట్టీలోనూ ఇవే బొమ్మలు వరుసకట్టాయి. వాడుకరుల అసంతృప్తి కొనసాగింది. 2024లో వచ్చిన 24హెచ్2 కూర్పులో కుడి క్లిక్కు పట్టీలోని బొమ్మల కింద మాటలు తిరిగి చేరాయి.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు రంగంలోనూ ఇటువంటి ఘటన ఉంది. 2012లో గ్నోమ్ వారి ఫైల్ మేనేజర్ నాటిలస్ 3.6 కూర్పు కొన్ని సౌకర్యాలను తొలగించి టూల్‌బారును సరళం చేసింది. దానిని అంగీకరించని లినక్స్ మింట్ బృందం పాత కూర్పును ఆధారంగా చేసుకొని నెమో అనే వేరొక ఫైల్ మేనేజరును నిర్మించింది. అక్కడ అసమ్మతి కొత్త రచనకే దారితీసింది.

3. అభిప్రాయాల స్వరూపం:

ఈ మార్పులపై వచ్చిన అభిప్రాయాలను మూడు విధాలుగా విభజించవచ్చు. మొదటిది అలవాటుకు సంబంధించినది: ఉన్నచోట మీట లేదు, చెయ్యి తడుముకుంటోంది. రెండవది పనికి సంబంధించినది: ఒక నొక్కుతో అయ్యేది రెండు నొక్కులయింది. మూడవది అర్థానికి సంబంధించినది: ఈ బొమ్మ ఏం చేస్తుందో తెలియడం లేదు. మొదటిది కాలంతో తగ్గవచ్చు. రెండవదాన్ని కొలవవచ్చు. మూడవది మాత్రం కొలతకు చిక్కదు.

విండోస్ 8 రూపకర్తలు 2011లో ప్రకటించిన లెక్కలు ఈ సందర్భంలో గమనింపదగినవి. ఎక్స్‌ప్లోరరులో ఇచ్చే ఆజ్ఞల్లో 54.5 శాతం కుడి క్లిక్కు ద్వారా, 32.2 శాతం కీబోర్డు ద్వారా, 10.9 శాతం మాత్రమే పై పట్టీ ద్వారా వెళ్తున్నాయని వారు తేల్చారు. ఆ లెక్కల ఆధారంగానే రిబ్బనును సమర్థించారు. అయినా ఆ రిబ్బనుపై తీవ్ర విమర్శలు వచ్చాయి. కారణం ఊహించదగినదే. నొక్కులను లెక్కించే యంత్రం నొక్కినవారి సంఖ్యను చెబుతుంది. నొక్కడానికి భయపడి ఆగిపోయినవారిని లెక్కించదు. పై పట్టీని వాడేది పదోవంతు మందే అనుకున్నా, ఆ పదోవంతులో ఎవరున్నారన్నది ప్రశ్న. సత్వరమార్గాలు కంఠస్థమైనవారికి పట్టీతో పనిలేదు. దాన్ని చూసి నేర్చుకునేది కొత్తవారు. అందువల్ల తక్కువ వాడుక తక్కువ ప్రాముఖ్యానికి నిదర్శనం కాదు.

4. బొమ్మ - లక్షణావృత్తి:

బొమ్మ అర్థమిచ్చే తీరును మన అలంకారశాస్త్రం చెప్పిన లక్షణతో వివరించవచ్చు. లక్షణకు మూడు నియమాలు: ముఖ్యార్థానికి బాధ కలగాలి, లక్ష్యార్థానికి ముఖ్యార్థంతో సంబంధం ఉండాలి, రూఢి గానీ ప్రయోజనం గానీ ఉండాలి. కత్తెర బొమ్మను తీసుకుందాం. ఫైలును కత్తిరించడం జరగదు కనుక ముఖ్యార్థ బాధ ఉంది. కాగితం నుంచి భాగాన్ని కత్తిరించి వేరొకచోట అతికించే పనితో సంబంధం ఉంది. లారీ టెస్లర్ తదితరులు 1970లలో జెరాక్స్ పరిశోధనశాలలో ఈ పద్ధతిని పాఠ సంస్కరణ కోసమే రూపొందించారు. వాక్యానికి అది చక్కగా సరిపోయింది. ఫైలుకు వచ్చేసరికి పని వేరు. అక్కడ జరిగేది కోత కాదు, తరలింపు. జెరాక్స్ స్టార్ మీట మీద ఉన్నది కూడా తరలింపును చెప్పే మాటే. రిబ్బనులో ‘మూవ్ టు’ అనే మీట ఉండేది. 2021 నాటి పట్టీలో అది లేదు, కత్తెర మిగిలింది.

ఇక మూడవ నియమం రూఢి. ఇరవై ఏళ్లుగా కంప్యూటరు వాడుతున్నవారికి కత్తెర రూఢమైనది. కొత్తవారికి కాదు. వారికి కత్తెర ముఖ్యార్థమే ముందు స్ఫురిస్తుంది. ఫైలు తెగిపోతుందేమోనన్న జంకు పుడుతుంది. పేరు మార్చడానికి పెట్టిన బొమ్మ మరీ విలక్షణం: దీర్ఘచతురస్రంలో ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం, పక్కన ఒక గీత. బొమ్మకు భాష లేదనీ, అందరికీ ఒకటేననీ వాదించేవారికి ఈ బొమ్మే సమాధానం. భాష లేదనుకున్న చోట రోమను లిపి కూర్చునే ఉంది. చెత్తబుట్ట బొమ్మదీ ఇటువంటి చిక్కే. కంప్యూటరులోని డిస్కు నుంచి తొలగించిన ఫైలు సాధారణంగా రీసైకిల్ బిన్‌లోకి వెళ్తుంది, తిరిగి తీసుకోవచ్చు. పెన్‌డ్రైవు నుంచి తొలగించినది సాధారణంగా అక్కడికి చేరదు. రెండు భిన్నమైన ఫలితాలకు బొమ్మ ఒక్కటే.

5. మాట - శక్తిగ్రహం:

పదానికీ అర్థానికీ ఉన్న సంబంధాన్ని గ్రహించడమే శక్తిగ్రహం. దానికి శాస్త్రకారులు చెప్పిన మార్గాల్లో వ్యవహారం ప్రధానం. ఆవును తెమ్మని ఒక పెద్ద చెప్పగా మరొకరు తెచ్చి నిలబెడితే, చూస్తున్న పిల్లవాడు ఆ మాటకు అర్థం గ్రహిస్తాడు. కంప్యూటరు ల్యాబులో నేర్పు సరిగ్గా ఇలాగే సాగుతుంది. పక్కనున్న విద్యార్థి ‘కాపీ కొట్టు, ఇప్పుడు పేస్ట్ చెయ్’ అంటుంది. రెండో ఆమె చేస్తుంది. ఈ వ్యవహారానికి మీట మీద మాట ఉండడం ఆధారం.

వాకాడు నుంచి ఒక పరిశోధక విద్యార్థిని తన ఫైలు పేరు ఎలా మార్చాలో ఫోనులో అడిగిందనుకుందాం. మీట మీద మాట ఉంటే ‘రీనేమ్ అని ఉంటుంది, నొక్కమ్మా’ అంటే చాలు. మాట లేనప్పుడు ‘డబ్బాలో ఏ ఉన్న బొమ్మ’ అనాలి. ‘యాడుంది సార్, కనపడలా’ అన్న ప్రశ్న అప్పుడు తప్పదు. మాటను చెవితో అందించవచ్చు. బొమ్మను పక్కన కూర్చుని వేలితో చూపాలి. పక్కన కూర్చునేవారు లేని ఊళ్లలో ఈ తేడా చిన్నది కాదు. విద్యార్థి చదువు తాలూకు స్వతంత్రత దీనిమీద ఆధారపడి ఉంది.

శక్తిగ్రహానికి మరో మార్గం సిద్ధపద సాన్నిధ్యం. తెలిసిన పదం పక్కన ఉన్నందువల్ల తెలియనిదాని అర్థం బోధపడడం. బొమ్మ కింద మాట రాయడం అక్షరాలా ఇదే. రెండూ కలిసి ఉంటే కొంతకాలానికి బొమ్మ కూడా రూఢమవుతుంది. ఆ తర్వాత మాటను దాచుకునే వెసులుబాటు వాడుకరికి ఇవ్వవచ్చు. రూఢి ఏర్పడకముందే మాటను తీసివేయడం క్రమాన్ని తలకిందులు చేయడమే.

6. తెలుగు పదాల బాధ్యత:

ఇంతవరకు చెప్పినది రూపకర్తలకు. మన అనువాదకులు జవాబు చెప్పవలసినదీ ఉంది. విండోసును తెలుగు ముఖంతో వాడుకునే వీలుంది. గ్నోమ్, కేడీఈ వంటి వాటికీ తెలుగు అనువాదాలు ఉన్నాయి. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ ఈ దిశలో కృషి చేసింది. ఆ శ్రమను గౌరవిస్తూనే పదాలను పరీక్షించాలి. ‘అతికించు’, ‘పేరు మార్చు’ చక్కని పదాలు. వినగానే చెయ్యి కదులుతుంది. ‘నకలు’ కూడా మన ఊళ్లకు కొత్త కాదు, భూమి కాగితాల కోసం కచేరీకి వెళ్లిన ప్రతి రైతూ ఎరిగినదే. కానీ ‘నకలించు’ అనే క్రియను ఎవరూ పలకరు. ‘నకలు తీయి’ పలుకుతారు. ‘దస్త్రం’ కచేరీలో పుస్తకాల కట్ట. ‘ఫైలు’ అంతకన్నా ఎక్కువగా తెలుగైపోయింది. ‘షేర్’కు ‘భాగస్వామ్యం చేయి’ అన్నది వ్యాపార ఒప్పందాన్ని తలపిస్తుంది. ‘పంచు’ అంటే సరిపోతుంది.

ఇది కేవలం అభిరుచి విషయం కాదు. టూల్‌బారులో స్థలం తక్కువ. తెలుగు లిపికి గుణింతాలు, వత్తులు పైకీ కిందికీ విస్తరిస్తాయి కనుక నిలువు స్థలం కూడా కావాలి. మీట మీద పట్టని పొడవాటి సమాసాన్ని మనం ఇస్తే, మాటకన్నా బొమ్మే నయమన్న వాదనకు మనమే బలమిచ్చినవాళ్లమవుతాం. వ్యవహారమే ప్రమాణమని గిడుగు రామమూర్తి గ్రంథాల భాష గురించి వాదించారు. ఆ వాదం మీట మీది భాషకు మరింత వర్తిస్తుంది, ఎందుకంటే ఈ మాటను చదివినవారు మరుక్షణంలో పని చేయాలి.

7. ఎదుటి వాదన:

బొమ్మ మీద సూచికను నిలిపితే పేరు కనిపిస్తుంది కదా అని అడగవచ్చు. నిజమే, అది శాస్త్రకారులు చెప్పిన వివృతి వంటిది. అయితే సూచికను నిలపాలన్న సంగతి ముందు తెలియాలి. వేలితో తాకే తెరల మీద అంత సులువుగా అది సాధ్యం కాదు. పైగా ఆరు బొమ్మల పేర్లు తెలియాలంటే ఆరుసార్లు నిలపాలి. మాటల వరుసను ఒక్క చూపులో చదవవచ్చు. బొమ్మలు చదువురానివారికి మేలన్న వాదం కూడా ఉంది. ఫోనులో పచ్చ, ఎర్ర బొమ్మలతో మాట్లాడగలిగేవారు ఎందరో ఉన్నారు కనుక దాన్ని కాదనలేం. కానీ ఫైల్ మేనేజరులో ఫైళ్ల పేర్లన్నీ అక్షరాలే. అక్కడికి వచ్చినవారు చదవగలిగినవారే. చదవగలిగినవారి ముందు నుంచి మాటను తీసివేయడానికి ఆ వాదం చాలదు.

8. ముగింపు:

పరిశీలనలో తేలిన అంశాలు మూడు. ఒకటి, టూల్‌బారు మార్పులపై వాడుకరుల అభ్యంతరాల్లో అలవాటు పాలు ఉన్నా, అర్థగ్రహణానికి సంబంధించిన భాగం న్యాయమైనది. 2024లో మాటలు తిరిగి రావడం దానికి ఆమోదంగా భావించవచ్చు. రెండు, బొమ్మకు రూఢి కావాలి, రూఢికి మాట తోడు కావాలి. మూడు, ఆ తోడును తెలుగులో ఇవ్వాలంటే పదం పొట్టిదై, పలికేదై, పని చేయించేదై ఉండాలి.

ఈ మూడవ పని కంప్యూటరు శాఖలది మాత్రమే కాదు. తెలుగు శాఖల్లో చదివే విద్యార్థులు ఫైలును తరలిస్తూ, నకలు తీస్తూ, తొలగిస్తూ ఒకరితో ఒకరు ఏ మాటలు అంటున్నారో ఒక్క సంవత్సరం పాటు నమోదు చేసినా అనువాదకులకు విలువైన ఆధారం సమకూరుతుంది. పదకోశ నిర్మాణంలో శిక్షణ పొందుతున్న పరిశోధకులకు ఇది చేతికందే క్షేత్రం. తర్వాతి మార్పు వచ్చినప్పుడు తెలుగు వాడుకరుల అభిప్రాయం కూడా లెక్కలోకి రావాలంటే, అది ముందుగా తెలుగులో రాసి ఉండాలి.