జాబర్‌ని జడ్జీగా పిలవండి

ఇంజినీరింగ్ కాలేజీ క్లబ్బుల వాళ్ళు ప్రాజెక్టులు పెట్టారంటే చాలు, నాకు సగం రోజు అక్కడే గడిచిపోతుంది. నల్లగీత వెంట పరుగెత్తే రోబో, చప్పట్లకు వెలిగే దీపం, మట్టి తడి చూసి మోటారు ఆన్ చేసే పెట్టె. ఏటా దాదాపు ఇవే ఉంటాయి, అయినా విసుగు రాదు. పుస్తకంలో సర్క్యూట్ గీసిన కుర్రాడు మొదటిసారి సోల్డరింగ్ గన్ పట్టి వేలు కాల్చుకునేది క్లబ్బులోనే. చందాలు పోగుచేయడం, సీనియర్లతో పేచీ పడటం, తెల్లారితే ప్రదర్శన అనగా మోటారు కాలిపోతే దిక్కులు చూడకుండా దారి వెతకడం ఏ సిలబస్‌లోనూ ఉండవు.

నా పేచీ ప్రాజెక్టులతో కాదు, వాటికి పెట్టే పరీక్షతో. జడ్జీ ముందు నాలుగు నిమిషాలు నడిస్తే బహుమతి. ఆ తర్వాత పెట్టె ల్యాబు బీరువాలోకి పోతుంది, వైర్లు వచ్చే ఏడాది జూనియర్ల బ్రెడ్‌బోర్డు మీదికి పోతాయి. 2007 నుంచి మన దేశంలో జరుగుతున్న బాహా పోటీ అంటే నాకు గౌరవం అందుకే. విద్యార్థులు సొంతంగా కట్టిన బండి గుంతల్లో, బురదలో నాలుగు గంటలు ఆగకుండా తిరగాలి. వెల్డింగ్ సరిగా లేకపోతే ఏ ఉపన్యాసమూ కాపాడదు.

సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో యంత్రాలకు అలాంటి పరీక్ష రోజూ జరుగుతుంది. తాతల నాడు తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పద్మశాలీల పేట ఇది. పెద్ద మిల్లులు మూతపడ్డా షెడ్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నిలిచాయి. దుప్పట్లు, తువ్వాళ్ళు ఈ ఊరి పేరుతోనే దేశమంతా తిరుగుతున్నాయి, రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఊళ్ళో ఇంజినీరింగ్ చదువుకూ లోటు లేదు. వాల్‌చంద్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1983 నుంచి ఉంది. సాంచె చప్పుడులో పెరిగి ఇంజినీరింగులో చేరిన పిల్లలు కూడా ప్రాజెక్టు అనగానే మహానగరాల పార్కింగ్ సమస్య ఎత్తుకుంటారు. ఇంట్లో ఉన్న సమస్య వాళ్ళకు ప్రాజెక్టులా కనిపించదు.

పాత సాంచె దగ్గర కాసేపు నిలబడితే ఎంత ఇంజినీరింగు ఉందో తెలుస్తుంది. గుడ్డ అంచున సన్నని పళ్ళున్న చిన్న ఇనుప ఫోర్కు ఒకటి ఉంటుంది. నాడె పేకను, అంటే అడ్డదారాన్ని, వదిలి వెళ్ళాక దువ్వెనలాంటి పన్నె ముందుకొచ్చి కొడుతుంది. అప్పుడు ఆ దారం ఫోర్కు పళ్ళకు అడ్డుపడి దాన్ని కొంచెం వంచుతుంది, వెనక తోక పైకి లేస్తుంది. కింద ఆడే కొక్కేనికి తోక అందదు, సాంచె నడుస్తుంది. పేక తెగినా, కండె అయిపోయినా పళ్ళకు అడ్డమేమీ ఉండదు, తోక లేవదు. కొక్కెం దాన్ని పట్టి లాగుతుంది, హ్యాండిల్ జారుతుంది, సాంచె టక్కున ఆగుతుంది. నిమిషానికి వందకు పైగా పేకలు పడుతుంటే రెండు పేకలకోసారి ఈ తనిఖీ జరుగుతూనే ఉంటుంది. కరెంటు తీగ లేదు, చిప్పు లేదు.

ఇదే పనిని ఇన్‌ఫ్రారెడ్ సెన్సరుతో, ఆర్డ్వినో బోర్డుతో చేయమంటే క్లబ్బు కుర్రాళ్ళు ఒక్క సాయంత్రంలో చేసి చూపిస్తారు, ల్యాబులో బ్రహ్మాండంగా నడుస్తుంది కూడా. షెడ్డులో పెట్టాక అసలు కథ మొదలవుతుంది. దూది నుసి సెన్సరు కంటిని కప్పేస్తుంది. సాంచె అదురుకు సోల్డరింగ్ టాకాలు ఊడతాయి. వోల్టేజి పడిపోయి లేచినప్పుడల్లా బోర్డు మళ్ళీ మొదటికొస్తుంది. ఇంత కష్టముంటే ఎందుకులే అనిపించవచ్చు. నాకు మాత్రం ప్రాజెక్టు అక్కడే మొదలవుతుందనిపిస్తుంది. నుసి పడని చోట సెన్సరును ఎలా బిగించాలి? అదురు తట్టుకునేలా బోర్డును దేనిమీద కూర్చోబెట్టాలి? ఈ ప్రశ్నలు ల్యాబులో పుట్టవు.

కంప్యూటర్ బ్రాంచి వాళ్ళు మాకేం పని అనుకోనక్కర్లేదు. పువ్వులూ లతలూ నేసే జకార్డు వాళ్ళకు పెద్దల వరస. ఫ్రాన్స్‌లో జకార్డు అనే ఆయన 1804లో తెచ్చిన పద్ధతిలో, చిల్లులు పొడిచిన అట్టలే ఏ పడుగు దారం లేవాలో చెబుతాయి. తర్వాత ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆ అట్టల ఆలోచనే తీసుకున్నాడు.

షెడ్డునే ల్యాబు చేసుకున్న మనిషి మనవాళ్ళలోనే ఉన్నాడు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చదువు బడిలోనే ఆగిపోయింది. పోచంపల్లి చీరకు ఆసు పోయడమంటే మేకుల చుట్టూ దారం తిప్పుతూ చెయ్యి వేలసార్లు ఆడించాలి. చీరకు నాలుగైదు గంటల పని. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆయన యంత్రం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి పట్టింది. చివరి చిక్కుముడి, హైదరాబాద్‌లో పనిచేస్తూ ఒక యంత్రం కదలిక గమనించాక విడిపోయింది. 1999లో ఆసు యంత్రం సిద్ధమైంది, గంటన్నరలో పని తేలింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రాన్ని నడిపి చూసి మెచ్చాల్సింది ఆసు పోసే తల్లే. జడ్జీ ఇంట్లోనే ఉండటం ఆయన అదృష్టం.

క్లబ్బులు ఆ అదృష్టాన్ని ఎరువు తెచ్చుకోవచ్చు. జట్టులో ఇద్దరు ముందు ఒక పూట షిఫ్టు మొత్తం సాంచె పక్కన నిలబడాలి. విడిభాగాలన్నీ బజారులో దొరికేవే వాడాలి. తయారైన వస్తువును బహుమతికి ముందు నెల రోజులు షెడ్డులో వదలాలి, కుర్రాళ్ళు మాత్రం పక్కన ఉండకూడదు. ఆఖర్న సాంచెలు బాగుచేసే జాబర్‌ని జడ్జీ కుర్చీలో కూర్చోబెట్టాలి. ఆయన అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు: “బిడ్డా, ఇది నడుమల ఆగితే నేను విప్పి పెట్టుకునుడు అయితదా?” ఔనని చెప్పడమే కాదు, పానా ఆయన చేతికిచ్చి చూపించగలిగిన జట్టుకే మొదటి బహుమతి ఇవ్వండి.