చేతిగీతలో గుర్తుబొమ్మ

మస్కట్ అంటే ఒక సంస్థకో, జట్టుకో, వ్యక్తికో ప్రతినిధిగా నిలిచే, ముఖమూ నడవడీ ఉన్న గుర్తుబొమ్మ. మంత్రం, తాయెత్తు అనే అర్థాలున్న ప్రొవెన్సల్ మాట నుంచి ఫ్రెంచిలోకి వచ్చి, 1880లో పారిస్‌లో ప్రదర్శితమైన ఎడ్మండ్ ఆడ్రాన్ సంగీత నాటకం ‘లా మస్కట్’ ద్వారా ఈ పదం దేశదేశాలకు పాకింది. హైదరాబాద్ మెట్రోకు నిజాం అనే మాటలోంచి పుట్టిన ‘నిజ్’ గుర్తుబొమ్మగా ఉంది. అంత పెద్ద వ్యవస్థకే ముఖం అవసరమైనప్పుడు, ఒక మనిషి తన సొంత వెబ్‌సైటుకు తన చేతితో బొమ్మ గీసుకోవాలనుకోవడం ఎంతో సహజం.

గుర్తుబొమ్మ గీసే విద్యకు తెలుగులో బలమైన పునాది ఉంది. ముళ్లపూడి వెంకటరమణ మాటలతో, బాపు గీతతో 1950లలో రూపుదిద్దుకున్న బుడుగు అనే పిల్లవాడు ఏ వ్యాపారానికీ గుర్తు కాకపోయినా, గుర్తుబొమ్మకు ఉండవలసిన లక్షణాలన్నీ ఉన్నవాడు. అతని అల్లరి మాటల్లో ఎంత ఉందో, నిలబడిన తీరులోనూ అంతే ఉంది. బాపు గీత ఒకచోట సన్నగా మొదలై, వంపు దగ్గర లావెక్కి, మళ్లీ సన్నబడి ముగుస్తుంది. ఆ హెచ్చుతగ్గుల్లోనే బొమ్మకు ప్రాణం వస్తుంది. ఆయన చేతిరాత కంప్యూటర్ అక్షరాలుగా రూపొంది నేటికీ వాడుకలో ఉండటం ఇక్కడ గమనించదగినది, ఎందుకంటే బొమ్మా, దాని పక్కన ఉండే పేరూ ఒకే చేతివైతే వాటి మధ్య బంధుత్వం చెప్పకుండానే తెలుస్తుంది.

బొమ్మ చమత్కారంగా ఉండాలంటే వింతలన్నీ కుప్పపోయనక్కరలేదు, ఒక్కటి చాలు. ఆర్.కె. లక్ష్మణ్ 1954లో ఏషియన్ పెయింట్స్ కోసం గీసిన గట్టు అనే కుర్రవాడికి నుదుటి మీద పడే జుట్టు, చేతిలో రంగు డబ్బా, కుంచె తప్ప ఇంకేమీ అక్కరలేకపోయింది. గీసిన బొమ్మను పూర్తిగా నల్లరంగుతో నింపి చూడటం చిత్రకారులు పాటించే పరీక్ష. కళ్లూ నవ్వూ మాయమైనా, మిగిలిన నీడను బట్టి అది ఎవరో పోల్చుకోగలిగితే రూపం కుదిరినట్టే. శరీరం మొత్తం ఎత్తు తలకు రెండు మూడు రెట్లు మాత్రమే ఉంచితే ముఖకవళికలకు చోటు పెరుగుతుంది.

కాగితం మీద ఇండియన్ ఇంకుతో గీసిన బొమ్మను స్కాన్ చేసి, వెక్టర్‌గా, అంటే ఎంత పెంచినా అంచు చెదరని గణిత రేఖలుగా మార్చేటప్పుడే అసలు నష్టం జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ప్రతి వణుకునూ లోపంగా భావించి నునుపు చేస్తే, చెవి దగ్గర చేయి తడబడిన చోటు, పాళీ ఆగినప్పుడు సిరా కాస్త పొంగిన చోటు చెరిగిపోయి, ఎవరైనా గీయగల బొమ్మ మిగులుతుంది. బ్రౌజర్ ట్యాబ్ మీద కనిపించే చిహ్నానికి సాధారణంగా 16 పిక్సెళ్ల వెడల్పే ఉంటుంది కనుక, దానికి పెద్ద బొమ్మను కుదించకుండా తలను మాత్రమే, తక్కువ గీతలతో విడిగా గీయాలి. సొంత సైటు కట్టుకుంటున్నవారు రెడీమేడ్ బొమ్మల జోలికి వెళ్లకుండా, మొదటి చిత్తుప్రతిలోని వంకర గీతను చివరి బొమ్మ దాకా కాపాడుకోవాలి.