విడిపోయిన తల్లిదండ్రుల నడుమ బిడ్డ: లవకుశుల కథ - ఒక పరిశీలన

తల్లిదండ్రులు వేరుపడిన ఇంట పెరిగే బిడ్డల స్థితికి తెలుగువారికి మిక్కిలి పరిచితమైన కథ లవకుశులది. 1963 నాటి 'లవకుశ' చలనచిత్రం దానిని పల్లెపల్లెకూ చేర్చింది. సీతారాముల ఎడబాటు నేటి చట్టం చెప్పే విడాకులతో సమానం కాకపోయినా, తండ్రికి దూరంగా తల్లి దగ్గర పెరిగిన పిల్లల అనుభవం అందులో ఉంది. ఈ కథపై విమర్శ ఎక్కువగా రాముని రాజధర్మం, సీతకు జరిగిన అన్యాయం అనే రెండు అంశాల చుట్టూ సాగింది. పిల్లల వైపు నుంచి కథను చదివితే ఏం తెలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

వాల్మీకి ఉత్తరకాండలో లవకుశులకు స్థిరమైన నివాసం, తల్లి సన్నిధి, గురువు శ్రద్ధ దక్కాయి. వారు నేర్చిన కావ్యం తండ్రి చరిత్రే. ఆశ్రమం తండ్రి కథను వారికి దాచలేదు, అతనిపై ద్వేషాన్నీ నూరిపోయలేదు. విడిపోయిన దంపతులు పిల్లల ఎదుట ఒకరినొకరు దూషించుకోవడం ఎంత హాని చేస్తుందో తెలిసిన నేటి పాఠకునికి ఇది విలువైన అంశం. అయితే ఎవరి పిల్లలని రాముడు అడిగితే వాల్మీకి శిష్యులమని మాత్రమే చెప్పమని గురువు ముందే బోధించాడు. తండ్రి కథను పాడగలిగిన పిల్లలకు అతని బిడ్డలమని చెప్పుకొనే వీలు లేకపోయింది.

నైమిశారణ్యంలో తండ్రి తమను స్వీకరించిన సందర్భంలోనే వారు తల్లిని కోల్పోయారు. ఆ రాత్రి రాముడు సీతకై శోకించాడని కావ్యం చెబుతుంది. తెల్లవారగానే మునులను పిలిపించి, మిగిలిన కావ్యాన్ని శంక లేకుండా పాడమని కొడుకులను కోరాడు. వారు పాడారు. ఆ ఘట్టంలో వారి దుఃఖం ప్రస్తావనకు రాదు. సహృదయులు దీనిని కరుణరసానికి పరాకాష్ఠగా భావించవచ్చు. కాని ఆ కరుణ తల్లిదండ్రుల చుట్టూనే తిరిగింది.

2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఓల్గా 'విముక్త' కథలు సీత మౌనాన్ని ఛేదించాయి. వాటి ప్రధాన లక్ష్యం స్త్రీ స్వేచ్ఛ కనుక, పిల్లల అంతరంగం అక్కడా కేంద్రం కాలేదు.

సాహిత్యం వదిలిన ఈ ఖాళీ సమాజంలోనూ కనిపిస్తుంది. జగిత్యాల జిల్లా గొల్లపల్లి వంటి మండలాల పల్లెల్లో దంపతుల తగాదా కోర్టు కన్నా ముందు పెద్దమనుషుల పంచాయితీకి చేరడం పరిపాటి. కట్నం, బంగారం, పెళ్లి ఖర్చుల లెక్క తేలాక బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది చివరి మాటగా వస్తుంది. చట్టం ఈ వరుసను అంగీకరించదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 13వ సెక్షన్ బిడ్డ సంక్షేమాన్నే ప్రధానంగా చూడమంటుంది. 1890 నాటి సంరక్షకుల చట్టం 17వ సెక్షన్, ఆలోచించి చెప్పగల వయసున్న బిడ్డ ఇష్టాన్ని న్యాయస్థానం పరిగణించవచ్చని చెబుతుంది.

అడిగే తీరు కూడా ముఖ్యమే. అమ్మ కావాలా, నాన్న కావాలా అని సభలో నిలబెట్టి అడగడం బిడ్డపై తీర్పు భారం మోపుతుంది. విడిగా కూర్చోబెట్టి, బడి, స్నేహితులు, ఇంకొకరిని కలిసే రోజుల గురించి మాట్లాడితే బిడ్డ మనసు తెలుస్తుంది. లవకుశులను సభలో పాడించినవారు, వారిని విడిగా ఓదార్చినట్టు కావ్యం చెప్పలేదు. ఉత్తరరామకథపై ఇకముందు జరిగే పరిశోధన ఈ లోపాన్ని గుర్తించి, తెలుగు పునఃకథనాల్లో పిల్లల స్వరం ఎంత వరకు వినిపించిందో పరిశీలించవలసి ఉంది.