లెనింజర్ జీవరసాయన గ్రంథము: ఒక సమీక్ష

కళాశాలలో జీవరసాయన శాస్త్రము చదువగోరు విద్యార్థిని మొదట బెదరించునవి పేర్లు. గ్లూకోజు పైరువిక్ ఆమ్లముగా మారుటకు 10 మెట్లు కలవు. మెట్టుకొక ఎంజైము, ఎంజైమునకొక బారెడు పేరు. వీనిని ఎక్కములవలె వల్లించి పరీక్షలో అప్పగించిన చాలునను అపోహ పలువురిలో కలదు. ఆ అపోహను తొలగింపగల గ్రంథములలో లెనింజర్ పాఠ్యగ్రంథము ముఖ్యమైనది.

ఆల్బర్ట్ లెనింజర్ అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు. ఆహారము ఆక్సీకరణము చెందగా వెలువడు శక్తి ఏటీపీ రూపమున నిలువ యగునది కణములోని మైటోకాండ్రియాలలోనే యని 1948లో యూజీన్ కెనెడీతో కలసి కనుగొనెను. ఆయన తొలి పాఠ్యగ్రంథము 1970లోను, దాని స్థానమున వ్రాసిన జీవరసాయన సూత్రముల గ్రంథము 1982లోను వెలువడినవి. 1986లో ఆయన మరణించిన పిమ్మట నెల్సన్, కాక్స్ అను ఆచార్యులు దానిని కొనసాగించిరి.

ఈ గ్రంథపు గొప్పతనము దాని క్రమములో ఉన్నది. మొదట నీరు, ఆమ్లములు, క్షారములు. పిదప ప్రోటీనులు, చక్కెరలు, కొవ్వులు. ఆ తరువాతనే శక్తి మార్గములు. అనగా రసాయనము ముందు, జీవము వెనుక. ఒక ఉదాహరణము చూడుడు. గ్లూకోజు చీలుటకు ముందు ఫ్రక్టోజు రూపము నేల పొందవలెను? గ్లూకోజులో ఆక్సిజన్‌తో ద్విబంధము గల కార్బను మొదటిది. ఆ స్థితిలోనే చీలినచో 2, 4 కార్బనుల అసమాన ఖండము లేర్పడును. ఫ్రక్టోజులో ఆ ద్విబంధము రెండవ కార్బనుపై నుండుటచే చీలిక నడుమకు జరిగి, 3 కార్బనుల ఖండములు రెండు లభించును. రెండును ఒకే దారిన సాగిపోగలవు. ఈ కారణము తెలిసినవానికి ఆ మెట్టును వల్లించు పని లేదు.

అయినను లోపము లేకపోలేదు. వేయి పుటలు మించిన ఈ గ్రంథమున ఫలితములకు దక్కిన చోటు వానిని సాధించిన ప్రయోగములకు దక్కలేదు. మార్గపటములు ఎవరో గీసి యిచ్చినట్లు కనబడును. భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్‌తో కలసి ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఆ కొలత ఆధారముననే వారు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెల్లడించిరి. ప్రయోగశాలలో ఆ నీలిరంగును చూచు విద్యార్థికి ఈ సంబంధమును తెలుపవలసినవాడు ఉపాధ్యాయుడే.

జీవశాస్త్రము ఇష్టము, రసాయనము కష్టము అను విద్యార్థిని జీవరసాయనమునకు పంపుట వానికి మేలు చేయుట కాదు. ఉన్నత పాఠశాలలోనే నల్లబల్లపై గ్లూకోజు నిర్మాణమును గీసి, ఇది ఎచ్చట చీలునో, ఏల చీలునో అడుగవచ్చును. ఆ ప్రశ్నకు జవాబు వెదకుటకు ఉత్సాహపడు విద్యార్థికి ఈ గ్రంథము భారము కాదు.