మేళం కుదిరాకే నాదం

సూరత్ రింగ్ రోడ్ మీద సహారా దర్వాజా నుంచి ఉధనా దర్వాజా దాకా నడిస్తే ఇరువైపులా బట్టల మార్కెట్లే. ఆ మార్కెట్లకు గుడ్డ నేసిన మరమగ్గాల వెనక తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాల కష్టం కూడా ఉంది. లింబాయత్ వీధుల్లో తెలుగు మాట ఇప్పటికీ ధారాళంగా వినిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. ఆ ఇళ్ళ పిల్లలు ఇప్పుడు గిటార్లు కొంటున్నారు. ఐదారు వేలు కూడబెట్టుకుని ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. నెల తిరక్కముందే వేలికొసలు కందిపోతాయి, ఎఫ్ కార్డ్ పలకదు, కిందికి జరిగేకొద్దీ స్వరం తప్పుతుంది. కొందరు తమకు సంగీతం రాదనుకుని గిటార్‌ను అటక మీదికి చేరుస్తారు. కొందరు ఇంకో పదివేలు పోసి, తీగ నాదాన్ని పట్టే కొత్త పికప్పులు వేయించబోతారు. రెండూ తొందరపాటే. ఆ గిటార్ కర్మాగారం దాటి వచ్చిందే గానీ, వాయించే చేతికి అనువుగా దాన్ని ఇంకా ఎవరూ సరిచేయలేదు.

నేత ఇంట్లో పెరిగినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. పడుగు బిగువు కుదరని మగ్గానికి ఎంత ఖరీదైన నూలు ఎక్కించినా పోగులు తెగుతూనే ఉంటాయి.

గిటార్ సెటప్ అనగానే పాశ్చాత్య విద్య అనుకుంటాం. కానీ తీగవాద్యాన్ని సరిచేసే పనిని ఒక ప్రత్యేక విద్యగా నిలబెట్టుకున్న నేల మనది. విజయనగరం ప్రాంతంలో బొబ్బిలి పక్కన గొల్లపల్లి ఉంది. అక్కడి సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. కుండ, దండి, యాళి ముఖం అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలిచి తీసే ఏకాండి వీణకు ఆ ఊరు పెట్టింది పేరు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అందరూ మెచ్చుకునేది ఆ చెక్కడాన్నే. నా దృష్టిలో అసలు పనితనం చెక్కడం పూర్తయ్యాక మొదలవుతుంది. అదే మేళం కట్టడం.

దండి పొడవునా రెండు అంచుల మీద మైనం, బొగ్గుపొడి కలిపిన నల్లటి గట్లు పోస్తారు. వాటి మీద ఇరవై నాలుగు లోహపు మెట్లు నిలబెడతారు. స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలు. తీగలు శ్రుతి చేశాక ఒక్కో మెట్టునూ మైనంలో వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ, మీటి, చెవొగ్గి వింటారు. స్వరం నిలిచిందనిపిస్తే మైనాన్ని కాస్త వేడి చేసి మెట్టును అదిమి పెడతారు. లేకపోతే మళ్ళీ జరుపుతారు. మెట్టు ఒక్కటే, దాని మీదుగా వాయింపు తీగలు నాలుగు. సారణి తీగ మీద కుదిరిన చోటు మంద్రం తీగ మీదా కుదరాలి. పైగా గమకం కోసం తీగను పక్కకు లాగినప్పుడు ముందు మెట్టుకు రాసుకోకూడదు. అంటే మెట్ల ఎత్తుల్లోనూ లెక్క ఉంది. ఇరవై నాలుగు మెట్లను ఇలా స్థిరంగా నిలిపే పద్ధతిని పదిహేడో శతాబ్దంలో తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడి పేరుతో చెప్పుకుంటారు. ఆయన స్వయంగా తెలుగు కవి, వైణికుడు.

గుర్రం మీది లోహపు రేకు ఇంకో సూక్ష్మం. దాన్ని పూర్తి చదునుగా ఉంచరు. అతి స్వల్పమైన వాలు ఇస్తారు. తీగ కంపించేటప్పుడు ఆ వాలును తాకీ తాకకుండా ఒరుసుకుంటుంది. అలా పుట్టే నిండుదనాన్నే జీవం అంటారు. రేకును ఆకురాయితో ఒక్కసారి ఎక్కువ రాస్తే తీగ జుమ్మంటూ చెదురుతుంది. తక్కువ రాస్తే మూగబోతుంది. తంబురాలో ఇదే పని తీగకూ గుర్రానికీ మధ్య దూర్చిన చిన్న దారప్పోగు చేస్తుంది.

ఇప్పుడు గిటార్‌కు వద్దాం. వీణకూ దీనికీ పెద్ద తేడా ఒకటే. వీణలో మేళం కట్టేటప్పుడు మెట్లను జరపవచ్చు. నొక్కితే తీగ కాస్త సాగి స్వరం పెరుగుతుంది కదా, ఆ పెరుగుదలను కూడా చెవి ముందే లెక్క వేసుకుని మెట్టును నిలుపుతుంది. గిటార్‌లో మెట్లు కర్మాగారంలోనే గణితం ప్రకారం దిగిపోతాయి. ఒక్కో మెట్టుకు పౌనఃపున్యం 1.0595 రెట్లు అవుతుంది. అక్కడ మార్చడానికి వీల్లేదు కాబట్టి మిగిలినవన్నీ మార్చాలి.

మొదటిది నెక్, అంటే మెట్లు బిగించిన మెడ. మామూలు లైట్ స్టీల్ తీగలు ఆరూ కలిసి దాదాపు 70 కిలోల బరువుతో నెక్‌ను ముందుకు లాగుతుంటాయి. దాన్ని ఎదుర్కోవడానికి నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. మొదటి మెట్టు దగ్గరా, నెక్ బాడీతో కలిసే చోటా తీగను నొక్కి పట్టి, ఏడెనిమిది మెట్ల దగ్గర తీగ కింద ఎంత సందు ఉందో చూడాలి. ఒక మిల్లీమీటరులో ఐదోవంతు ఉంటే చాలు. ఎక్కువుంటే రాడ్‌ను పావు చుట్టు బిగించి, గిటార్ కుదురుకునేదాకా ఆగి, మళ్ళీ కొలవాలి. ఒక్కసారే తిప్పేయడం ప్రమాదం.

తర్వాత నట్, అంటే నెక్ పైకొసన తీగలు గాడుల్లో ఆనే చిన్న పట్టీ. కొత్త గిటార్లలో ఎక్కువ బాధ ఇక్కడే ఉంటుంది, జనం తక్కువ చూసేదీ ఇక్కడే. నట్ గాడులు లోతు చాలకపోతే మొదటి మెట్టు దగ్గర తీగ మరీ ఎత్తుగా ఉంటుంది. నొక్కగానే సాగి స్వరం పైకి పోతుంది. ఎఫ్ కార్డ్ పలకకపోవడానికి కారణం చాలాసార్లు పిల్లవాడి చెయ్యి కాదు, ఈ గాడులే. తీగ మందానికి తగిన సన్నటి ఆకురాళ్ళతో వాటిని దించుతారు. ఆ తర్వాత శాడిల్, అంటే బాడీ మీద తీగలు ఆనే పట్టీ, ఎంత ఎత్తులో ఉందో చూడాలి. అకౌస్టిక్ గిటార్‌లో పన్నెండో మెట్టు మీద లావు తీగ 2.5 మిల్లీమీటర్ల ఎత్తులో, సన్న తీగ 2 మిల్లీమీటర్లకు కాస్త తక్కువలో ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. గట్టిగా మీటేవాళ్ళకు ఇంకాస్త ఎత్తు కావాలి. గిటార్‌ను ఒళ్ళో పడుకోబెట్టి కడ్డీ జార్చి వాయించేవాళ్ళ లెక్క పూర్తిగా వేరు. 1967 నాటి ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ ఆల్బమ్‌లో బ్రిజ్‌భూషణ్ కాబ్రా వాయించిన గిటార్ ఆ తరహాది. కడ్డీ మెట్లకు తగలకూడదు కాబట్టి అందులో తీగలు బాగా పైన ఉండాలి.

చివరిగా స్వరశుద్ధి. పన్నెండో మెట్టు మీద వేలు ఆనించీ ఆనించకుండా మీటితే వచ్చే స్వరమూ, నొక్కి మీటితే వచ్చేదీ ఒకటే కావాలి. నొక్కినది ఎక్కువగా వస్తే శాడిల్ మీద తీగ ఆనే చోటును వెనక్కి జరపాలి.

విడిభాగాల సంగతి ఇదంతా అయ్యాక. ముందు తీగలు మార్చాలి. తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా తెచ్చేవి అవే. తర్వాత బోలు ప్లాస్టిక్ శాడిల్ తీసి ఎముక శాడిల్ వేయించాలి. దాని అడుగు గాడిలో పూర్తిగా ఆనాలి. ఆనకపోతే ఎముక వేసినా ఫలితం లేదు. జారిపోయే బిరడలుంటే అవీ మార్చాలి. ఎలక్ట్రిక్ గిటార్‌లో పికప్ మార్చేముందు ఉన్న పికప్‌నే ఎత్తు దించి, ఎత్తి చూడాలి. అయస్కాంతం తీగకు మరీ దగ్గరైతే తీగను లాగి స్వరాన్ని వణికిస్తుంది.

భాగాలు మార్చడం వృథా అని నేననడం లేదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ను చూడండి. మామూలు మాండలిన్‌కు జంటజంటలుగా ఎనిమిది తీగలు. జంట తీగలను సమానంగా సాగదీస్తూ కర్ణాటక గమకం పలికించడం దుర్లభం. నాదం కూడా త్వరగా ఆరిపోతుంది. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. మంద్రస్థాయి విస్తరించింది, స్వరం నిలిచింది, గమకం లొంగింది. 1998లో పద్మశ్రీ అందుకున్న ఆ విద్వత్తు ఆయనదే, వాద్యానిది కాదు. కానీ ఆ మార్పుల్లో ప్రతిదానికీ సంగీతంలో ఒక అవసరం ఉంది. కొత్త భాగం కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న అదే: వాయింపులో ఏది అందడం లేదు?

సూరత్‌లో ఉండేవాళ్ళకు ఇంకో మాట. తాపీ నది ఒడ్డు, సముద్రం దగ్గర. వానాకాలం గాలిలో చెమ్మ విపరీతం. చెక్క చెమ్మ పీల్చి గిటార్ ముఖం ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి. చలికాలంలో దిగుతాయి. అందుకని జూన్‌లో చేయించిన సెటప్ జనవరికి సరిపడకపోవచ్చు. వీణ మైనం కూడా ఏళ్ళు గడిచేకొద్దీ బీటలిస్తుంది, మేళం మళ్ళీ కట్టించాల్సిందే. గిటార్ బాగుచేసే మనిషి దగ్గరికి వెళ్ళినప్పుడు నెక్ సందు, పన్నెండో మెట్టు ఎత్తులు, తీగల మందం ఒక కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. దాన్ని గిటార్ సంచిలోనే ఉంచండి. వానలు పడ్డాక వాయింపు బరువనిపిస్తే స్కేలు పెట్టి కొలిచి, కాగితంలోని అంకెలతో పోల్చి చూడండి. అప్పుడు ట్రస్ రాడ్ తిప్పాలో, శాడిల్ దించాలో ఆయనకూ మీకూ ఊహతో పని లేకుండా తెలుస్తుంది.